ఊడ్చిన అడవి

గాలి లేదు. ముందు రాత్రి పడిన అకాల వానకు నేల తడిసి ఉంది. ఎండ ఇంకా చెట్ల మీదికి ఎక్కలేదు. లింగమ్మ, వాళ్లింటి ఆడవాళ్లు ఇంకో ముగ్గురు ఇప్పచెట్టు కింద వంగి, రాలిన పువ్వు ఏరుతున్నారు. నేను కాస్త పైన బండ మీద కూర్చుని చెప్పుల్లో దూరిన గులకరాళ్లు దులుపుకుంటున్నాను. పాత గుడ్డ చింపినట్టు ఒక చప్పుడు వినిపించింది. ఆగింది. మళ్లీ వచ్చింది.

"ఉరుకుండ్రే!" అని లింగమ్మ కేక వేసింది.

గంపలు అక్కడే వదిలేసి నలుగురూ పక్కకు పరుగెత్తారు. ఇద్దరు చేతులు చాచి కౌగిలించుకున్నా అందనంత మాను అది. ఏ తొందరా లేకుండా వాలు వైపు ఒరిగి పడిపోయింది. కొమ్మల్లో మిగిలిన పువ్వంతా ఒక్కసారిగా నేల మీద చిట్లింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఒక గంప మాత్రం నలిగిపోయింది.

పైకి లేచిన వేళ్లు గోడలా నిలబడ్డాయి. వాటి కింద తెల్లటి పరుపుబండ, కడిగిన గచ్చులా మెరుస్తోంది. లింగమ్మ చెట్టును చూడలేదు. ఆ బండనే చూస్తూ నిలబడింది.

"మన్నేది?" అంది. "నా చెట్టు కింద మన్నేది?"

జవాబు నాకు తెలుసు. ఆ మన్ను పోయిన దారినే వెనక్కి పట్టుకుని నేను అక్కడికి చేరాను. అందులో కొంత హైదరాబాదులో, నేనుండే అపార్ట్‌మెంట్ మిద్దె మీద, చామంతి కుండీల్లో ఉంది.

సంచిలో వాసన

మా పక్క ఫ్లాటు ఆవిడకు మొక్కలంటే ప్రాణం. బాల్కనీ నిండిపోయాక మిద్దె మీదికి కూడా ఎక్కించింది. ఎండలు ముదరక ముందు ఒక సాయంత్రం, మట్టి సంచి పైకి చేర్చడానికి జర సాయం పట్టమని పిలిచింది. కుండీల్లో పోసి నీళ్లు చల్లగానే ఒక వాసన లేచింది. పులిసిన తీపి వాసన. చెయ్యి పెట్టి చూస్తే చివికిన ఆకు ముక్కలు, దారాల్లాంటి తెల్ల వేళ్లు, మధ్యలో ఎండుద్రాక్షలా ముడుచుకుపోయిన ఒక పువ్వు.

ఇప్పపువ్వు వాసన ఒకసారి ముక్కుకు పట్టిందంటే వదలదు. విలేకరిగా తిరిగిన రోజుల్లో నల్లమలలో చాలాసార్లు తగిలిన వాసన అది. మా వీధిలో, ఆ మాటకొస్తే మా చుట్టుపక్కల కాలనీలన్నిటిలో, ఒక్క ఇప్పచెట్టు లేదు.

"ఎక్కడిదమ్మా ఈ మట్టి?"

"చిట్యాల దాటినంక నర్సరీల తెచ్చిన అన్నా. సంచి రెండు వందల యాభై. అసలైన అడవి మట్టంట. మందులు గిట్ల ఏముండయి."

ఆమె చెప్పింది నిజం. చేతిలో స్పంజిలా మెత్తగా ఉంది. మొక్కలు కూడా వారం తిరగకముందే కళకళలాడాయి. అడవిలో పై పొరను గీకితేనే ఇలాంటి మన్ను దొరుకుతుంది. ఎక్కడ గీకుతున్నారో చూద్దామని బయలుదేరాను.

చిట్యాల

విజయవాడ రహదారి పక్కన పచ్చటి వల కట్టి, దాని కింద వరసగా మొక్కలు పేర్చిన నర్సరీ అది. నడిపేది యాదగిరి అనే నలభై ఏళ్ల మనిషి. నేను పత్రికలో పనిచేసి మానేశానని చెబితే కుర్చీ వేసి చాయ్ తెప్పించాడు. భయపడతాడనుకున్నాను. భయపడలేదు.

"గిది గుట్ట మన్ను కాదు సార్, అడవి మన్ను. గుట్ట మన్నయితే ఎనభైకే ఇస్త" అన్నాడు, రెండు కుప్పలు చూపించి. ఒకటి ఇటుకరంగు. రెండోది కాఫీపొడిలా నల్లగా ఉంది.

"మీ చుట్టుపక్కల మంచి మన్నే లేదా?"

"ఏడున్నది సార్? అంత ప్లాట్లయింది. ప్లాటుల తట్టెడు మన్ను తీస్తే ఓనరు వచ్చి కాళ్లిరుగ్గొడ్తడు. అడవికి ఓనరు లేడు గద." తన మాటకు తనే నవ్వాడు. "పట్నపోల్లకు మొక్కలున్నయి, మన్ను లేదు. అడవికి మన్నున్నది, కొనెటోడు లేడు. నడుమ నేనున్న. పుణ్యం గాదా?"

మా ఊళ్లోనూ మన్ను తోలేవాళ్లు. ఎండాకాలం చెరువు ఎండగానే బండ్లు కట్టి అడుగున పేరిన ఒండ్రు తవ్వి పొలాలకు చల్లేవాళ్లు. వానలకు పొలంలోంచి కొట్టుకుపోయిన మన్నే చెరువులో చేరేది, అదే మళ్లీ పొలానికి ఎక్కేది. మన్ను ఊరు దాటేది కాదు. అమ్మడమన్న మాట ఎవరికీ తట్టలేదు. యాదగిరికి ఈ సంగతి చెబితే తలూపాడు. వాళ్ల నాయిన కూడా బండి తోలినవాడే.

"గప్పుడు ఎడ్లుండె సార్" అన్నాడు.

మన్ను తెచ్చేది దేవరకొండ ఖాజా అని చెప్పి, తనే ఫోన్ కలిపి ఇచ్చాడు. పేరు దాచాల్సిన పని అక్కడ ఎవరికీ కనిపించలేదు.

డిండి దాకా ట్రాలీలో

ఖాజా భాయ్‌ది మూడు చక్రాల ట్రాలీ. యాభై దాటిన మనిషి, తెల్ల గడ్డం, నోట్లో ఎప్పుడూ సోంపు. దేవరకొండలో బియ్యం బస్తాలు, ఉల్లిగడ్డ, సబ్బులు, బీడీ కట్టలు ఎక్కించి గూడేలకు వేస్తాడు. వచ్చేటప్పుడు ఖాళీగా రాకుండా చింతపండో, కుంకుడుకాయో, తేనో తెస్తాడు. కొన్నేళ్లుగా మన్ను.

"కూసోండి సార్, ఏసీ బండి. అద్దాల్లేవు గద, గాలే గాలి" అంటూ పక్క సీటు మీది తువ్వాల తీసి జాగా చేశాడు.

దేవరకొండ దాటినప్పటి నుంచే రోడ్డుకు రెండు పక్కలా ఎర్రనేలలు, బత్తాయి తోటలు, మధ్య మధ్య నల్లటి గుండ్లు. డిండి కట్ట కింద రేకుల షెడ్డులో ఆగి చేపలు తిన్నాం. కారం పట్టించి పెనం మీద కాల్చిన చేప, జొన్నరొట్టె. ఆకు మీద నిమ్మకాయ పిండుతూ ఖాజా భాయ్ వ్యాపారం ఎలా మొదలైందో చెప్పాడు.

"నేను అడగలే సార్, అల్లా కసమ్. లింగమ్మక్క గూడెంల చెట్ల పక్కపొంటి ఆకు కుప్పలు పడి ఉన్నయి. ఫారెస్టు మేడమ్ వచ్చి, గివి అంటుకుంటే అడవంత పోతది, తీసెయ్యుండ్రి అంటున్నది. యాడ పారెయ్యాలె అని వాళ్ల ఫికర్. ఖాళీ బండే గద, నేనేస్కపోత అన్న. యాదగిరి జూసి గంతులేసిండు."

"చెక్‌పోస్టులో ఆపరా?"

"ఆపుతరు. టేకు ఉన్నదా, మాంసం ఉన్నదా అని పట్ట లేపి జూస్తరు. మన్ను ఉన్నదా అని ఇప్పటిదాంక ఒక్కడడగలే."

అది అబద్ధం కాదు. సాయంత్రం చెక్‌పోస్టు దగ్గర కాపలా మనిషి నా సంచి కూడా విప్పి చూశాడు. నీళ్ల సీసా ప్లాస్టిక్‌దని, లోపల పారేయొద్దని చెప్పి పంపాడు. ఆ జాగ్రత్తకు సంతోషించాను.

గూడెం

గూడెం పేరు రాయను. అచ్చంపేట దాటి లోపలికి వెళితే అడవి అంచున అలాంటివి చాలా ఉన్నాయి. ఇరవై దాకా చెంచు ఇళ్లు, ఒక బోరింగు, ఇళ్ల వెనకే ఎత్తుగా లేచిన వాలు. ఆ వాలు మీదే వాళ్ల ఇప్పచెట్లు. ఒక్కో చెట్టు ఒక్కో ఇంటిది. లింగమ్మకు రెండు. పెద్దది వాళ్ల అత్త ఇచ్చింది గనక 'అత్తచెట్టు'. పక్కనున్న చిన్నది 'కోడలుచెట్టు'. ఇంకొకరి చెట్టు కింద పువ్వు ఎవరూ ముట్టరు. పొద్దున మొదటి దోసెడు పువ్వు చెట్టు మొదట్లోనే వదిలేస్తారు, తమ దేవుడు లింగమయ్య పాలని. మా వైపు మామిడితోటకు కంచె, కాపలా, కేసులు. ఇక్కడ దోసెడు పువ్వుతో సరిపోయింది.

లింగమ్మకు అరవై ఉంటాయి. మాటకు ముందు నవ్వు, ఆ వెంటనే ఎత్తిపొడుపు. ఆమె మగడు ఈదయ్య అటవీశాఖ కింద మంటల కాపలాదారు. ఖాకీ చొక్కా వేసుకుని, కింద పంచె కట్టి ఎదురొచ్చాడు.

"మావోడు మంటలార్పెటోడు సారు. ఇంట్ల పొయ్యి మాత్రం నేనే ముట్టియ్యాలె" అని లింగమ్మ పరిచయం చేసింది.

చెట్టు కిందికి తీసుకెళ్లి చూపించమన్నాను. నాలుగు అడుగులు ఎక్కానో లేదో కాలు జారి, కూర్చున్నట్టే పడి, కింద వరకు వచ్చేశాను. అడవిలో జారిపడడం కొత్త కాదు. ఆకు మీద జారతాం, బురద మీద జారతాం. ఇక్కడ ఆకూ లేదు, బురదా లేదు. ఇల్లలికి ఆరబెట్టినట్టు గట్టిగా, నున్నగా ఉంది నేల.

"మా వాకిట్ల గూడ గిట్ల జారరు గదా సారు!" అని ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు.

"ఎంత సాపుగున్నదో సూడుండ్రి" అంది లింగమ్మ, గర్వంగా. "పువ్వు రాలితె ముత్యం తీర్గ కనవడ్తది. ఈ గూడెంల నా చెట్టు కిందున్నంత సాపు ఎవ్వల చెట్టు కిందుండది."

పువ్వు ఏరాలంటే నేల శుభ్రంగా ఉండాలి. పూర్వం పువ్వు రాలే ముందు ఎవరి చెట్టు కింద వాళ్లు ఆకుకు నిప్పు పెట్టేవారు. చిన్న మంట, పూట గడిచేలోపు ఆరిపోయేది. ఎప్పుడైనా చెయ్యి దాటితే మాత్రం గుట్ట గుట్టంతా కాలేది. మంటలు ఆపాలని అటవీశాఖ పట్టుబట్టింది. అది సబబే. కాల్చొద్దు, ఊడ్చుకోండి అన్నారు. వీళ్లు పొరకలు పట్టారు. ఊడ్చిన ఆకు కుప్పలైంది. కుప్పల్ని ఖాజా భాయ్ తీసుకెళ్లాడు. సంచికి ఇరవై రూపాయలిచ్చాడు. మంటల్లేవు, చేతిలో నాలుగు రూకలు, చెట్టు కింద అద్దంలాంటి నేల. అందరికీ బాగుంది.

మరుసటి ఏడు ఆకు సరిపోలేదు. పొరక కింది నల్లమన్ను దాకా వెళ్లింది. ఆ పై ఏడు పార పట్టారు.

"ఊకుడేంది, చెక్కుడేంది సారు, రెండూ సాపు జేసుడే గద" అన్నాడు ఈదయ్య.

పెద్ద చెట్టు మొదట్లో వేళ్లు నేల మీద తేలి ఉన్నాయి, ముసలివాళ్ల చేతి నరాల్లా. వాటి పక్కన నేను కాసేపు నిలబడ్డాను. ఆ వేళ్ల గురించి ఒక మాట అడిగాను కూడా.

"చెట్టు పెద్దగైతాంది, ఏర్లు బయటికొస్తున్నయి" అంది లింగమ్మ. నవ్వలేదు. అలాగే నమ్మింది.

రాత్రి ఎండబెట్టిన ఇప్పపువ్వును నువ్వులతో దంచిన ముద్ద, జొన్న గటక పెట్టింది. ముద్ద బాగుందని రెండోసారి అడిగితే, "పట్నపోల్లు మన్నే కాదు, పువ్వు గూడ ఇడ్వరు" అంది. ఆ తర్వాత ఉరుములు మొదలయ్యాయి.

తెల్లారాక

వాన గట్టిగానే కురిసింది. అడవి మీద పడిన వాన అంచెలంచెలుగా దిగాలి. కొమ్మలు, ఆకులు, చివికిన పొర, అన్నీ కొంత కొంత తాగి తర్వాతి దానికి అందించాలి. ఆ రాత్రి వాలు మీద పడిన నీళ్లు రేకు మీద పడినట్టు పడి, పడినంతా కిందికి వచ్చేశాయి. బోరింగు చుట్టూ మోకాలెత్తు ఎర్రమేట వేసింది. పొద్దున పిల్లలు అందులో ఆడుకుంటుంటే దాటుకుని మేం పైకి వెళ్లాం. పైన జరిగింది మొదట్లోనే చెప్పాను.

చెట్టు పడిన చప్పుడుకు గూడెమంతా వచ్చింది. లింగమ్మ ఇంకా అదే మాట అంటోంది.

"నా చెట్టు కింద మన్నేది? ఎవలు దీసిండ్రు?"

చివరికి ఈదయ్యే అన్నాడు. "ఎవలు దీస్తరే? మనమే గద. పొరక నీ చేతిల ఉండె, పార నా చేతిల ఉండె."

ఆమె అతని వైపు తిరిగి చెయ్యెత్తింది. కొడుతుందనుకున్నాను. ఆ చెయ్యి అలాగే దించి, పడిన మాను మీద వేసి కూర్చుండిపోయింది.

పత్రికలో పనిచేసినవాడికి మొదట దొంగను వెతకడం అలవాటు. ఆ పొద్దంతా నేను అదే చేశాను. యాదగిరి దొంగ కాడు. ఖాజా భాయ్ ఖాళీ బండి నింపుకున్నాడు. మా పక్కింటావిడ మందుల్లేని మట్టిలో మొక్కలు పెంచుకోవాలనుకుంది. మంట ఆపమన్నవాళ్లు తప్పు చెప్పలేదు. లింగమ్మ తన చెట్టు కింద శుభ్రంగా ఉంచుకుంది. దొంగ దొరికితే రాయడానికి ఒక వార్త ఉండేది. సరిదిద్దడానికి ఒక దారీ ఉండేది. వరసగా అన్నీ మంచి పనులే అయితే ఎవరి మీద ఫిర్యాదు చెయ్యాలి?

మధ్యాహ్నానికి సెక్షన్ ఆఫీసరు మోటార్ సైకిల్ మీద వచ్చింది. ముప్పై ఏళ్లు లేని అమ్మాయి. ఊడ్చుకోమన్నది తనే. వేళ్ల కింది బండను చూసి, వంగి దాన్ని చేత్తో తడిమింది.

"మంట ఎక్కడైనా లేచిందా అని పై వాళ్లు రోజూ అడుగుతారు సార్" అంది తర్వాత. "మన్ను ఎంత ఉందని నన్నెవరూ అడగలేదు. నేనూ ఎవర్నీ అడగలేదు."

"ఇది మళ్లీ పేరుకోవడానికి ఎంత కాలం పడుతుంది?"

"మీరు గానీ నేను గానీ చూసేది కాదు సార్."

పడిన చెట్టును ఎవరూ ముట్టకూడదని, అది సర్కారుదని ఆమే చెప్పాల్సి వచ్చింది. "నిలబడ్డప్పుడు నాది, పడ్డంక సర్కారుదా బిడ్డా?" అంది లింగమ్మ. ఆ అమ్మాయి తల దించుకుంది.

అప్పుడు అందరి చూపూ కోడలుచెట్టు మీదికి మళ్లింది. దాని వేళ్లూ సగానికి పైగా బయటే ఉన్నాయి. వానాకాలం ఇంకా రానే లేదు. లింగమ్మ లేచింది. పడిన చెట్టు వేళ్లకు అంటుకుని మిగిలిన మన్నును చేతులతో గీకి తట్టకెత్తింది. మోసుకెళ్లి కోడలుచెట్టు మొదట్లో పోసి, అరచేత్తో అదిమింది. మళ్లీ వచ్చింది. మిగతా ఆడవాళ్లు కూడా కలిశారు. పొద్దు వాలేదాకా మోస్తే, ఒక వేరు కప్పడానికి సరిపోయింది.

తిరుగు దారి

సరుకు దించి అచ్చంపేట వెళ్లిన ఖాజా భాయ్ ఆ సాయంత్రం తిరిగొచ్చి, చెట్టు చూసి, నోట్లో సోంపు ఉమ్మేశాడు. ఆ తర్వాత లింగమ్మ గుడిసె ముందు ఆగాడు.

"అక్కా, డిండి దిక్కు చెరువు పూడిక తీస్తున్నరు. మంచి ఒండ్రు. నేను తోల్త. కిరాయి గిరాయి ఏమొద్దు."

"తీస్కపోయినన్ని దినాలు తేవాలె మరి" అంది లింగమ్మ.

"తెస్త."

మర్నాడు పొద్దున అతని ట్రాలీలోనే బయలుదేరాను. దారిలో అతను హాస్యాలాడలేదు. డిండి దగ్గర చేపలకూ ఆగలేదు. చెరువు దగ్గర మాత్రం ఆగి, పూడిక తీయిస్తున్న మేస్త్రీతో మాట్లాడి వచ్చాడు. నన్ను దేవరకొండ బస్టాండులో దింపి, చార్జీ ఇవ్వబోతే చేతిని పక్కకు నెట్టాడు.

హైదరాబాదు చేరాక పక్కింటావిడకు సంగతంతా చెప్పాను. ఆమె విని, కుండీల వైపు చూసి, "గిప్పుడేం జెయ్యాలె అన్నా? తిరిగి పంపాల్నా?" అని అడిగింది. ఎగతాళికి అడగలేదు. చామంతులు ఇంకా బాగానే ఉన్నాయి.

ఖాజా భాయ్ మాట తప్పలేదు. ఆ వారంలోనే ఒండ్రు తోలాడు. చెక్‌పోస్టు దగ్గర ఆపేశారు. మన్ను బయటికి పోవడానికి అడ్డం లేదు గానీ, బయటి మన్ను అడవిలోకి రావాలంటే అనుమతి కావాలట. చెరువు మన్నులో వయ్యారిభామ కలుపు గింజలుంటాయి, లోపల మొలిస్తే పచ్చగడ్డిని బతకనివ్వదు. ఆ నిబంధనకు కారణం ఉంది. అనుమతి కోసం సెక్షన్ ఆఫీసరు పైకి రాసింది. వచ్చేదాకా ఉండనీ అని ఖాజా భాయ్ మన్నును చెక్‌పోస్టు బయట కుప్ప పోశాడు.

వానలు మొదలయ్యాక ఫోన్ చేశాను. అత్తచెట్టు పడిన చోటే ఉంది. కోడలుచెట్టు నిలబడి ఉంది గానీ వాలు వైపు కొంచెం ఒరిగిందని ఈదయ్య చెప్పాడు. దాని మొదట్లో పోసిన మన్ను రెండో వానకే కొట్టుకుపోయింది. చెక్‌పోస్టు బయట కుప్ప మీద వయ్యారిభామ మొలిచి, తెల్లగా పూసింది. అనుమతి ఇంకా రాలేదు.